మావయ్య దిగని నీళ్ళు

మా మావయ్య ఇంటి వెనక ఈతకొలను కట్టించి ఏడాదైనా అందులో కాలు పెట్టలేదు. ఎవరడిగినా సాలీళ్ళ మీదకు నెట్టేసేవాడు. ఆయన లెక్కలో అవి ఎనిమిది కాళ్ళ పులులు.

వాటిని తరమడానికి ఆయన పడని పాట్లు లేవు. ఒకసారి గట్టంతా పుదీనా నూనె పిచికారీ చేయించాడు. వారం రోజులు ఇల్లంతా టూత్‌పేస్టు వాసన కొట్టింది. సాలీళ్ళు మాత్రం హాయిగా గూళ్ళు అల్లుకున్నాయి.

చివరికి కొలను శుభ్రం చేసే ఆవిడ విసిగిపోయి చెప్పింది. "సార్, గట్టు మీద ఆ తెల్ల లైట్లకి పురుగులొస్తాయి. పురుగుల కోసం సాలీళ్ళొస్తాయి. లైట్లార్పి, గోడ పక్క పొదలు కొట్టించండి. గూళ్ళు నేను రోజూ దులిపేస్తా."

"లైట్లార్పితే మనకి కొలనుందని పక్కింటివాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు మావయ్య, ఎంతో న్యాయంగా.

అత్తయ్య ఆయన తీర్పు కోసం ఆగలేదు. లైట్లు ఆర్పేసింది, పొదలు కొట్టించింది. పదిహేను రోజులకు మందుకైనా ఒక్క సాలీడు దొరకలేదు. మావయ్య పాపం గంటసేపు వెతికాడు.

"ఇక దిగండి," అంది అత్తయ్య.

మావయ్య రెండో మెట్టు దాకా దిగి, పక్కనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "నాకు ఈత రాదే," అన్నాడు.

"కొలను తవ్వించక ముందే తెలుసు," అంటూ అత్తయ్య నీళ్ళలోకి దిగి చెయ్యి చాపింది.

ఆ రోజు మావయ్య నడుములోతు దాకా ప్రయాణించి క్షేమంగా తిరిగొచ్చాడు.