ముందే రాసిన నాలుగు రోజులు

లెక్కల టీచర్ మెదడులో మేం అమర్చిన తీగలకు ప్రతినెలా నాలుగు రోజులపాటు ఎవరో కరెంటు ఆపేస్తున్నారు.

ఆ సంగతి ఆమె ఛాతీలో, చర్మం కింద ఉన్న బ్యాటరీయే బయటపెట్టింది. ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు మళ్లీ మొదలైందో నిమిషాలతో సహా దానిలో నమోదై ఉంది. ఆస్పత్రిలో మేం చేసే నెలవారీ పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆగుతుంది. పరీక్ష రోజు పొద్దున మొదలవుతుంది. ఆరు నెలలుగా ఇదే వరస. మొదట్లో తేరుకున్న మనిషి మళ్లీ ఎందుకు పడిపోయిందా అని మేం ప్రతినెలా ఆమె దిగులుకు మార్కులు వేసి, నిట్టూర్చి పంపేస్తున్నాం. బ్యాటరీలో నమోదైన ఆ ఒక్క పేజీ తెరిచి చూడాలని అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. పరిశోధన నాది. నాకూ తోచలేదు.

ఏడేళ్ల దిగులు ఆమెది. మందులు అయిపోయాయి, కరెంటు షాకులు అయిపోయాయి. మిగిలింది ఈ తీగలే. ఈ నెల కూడా ఫలితం కనిపించకపోతే వాటిని తీసేయాలని కమిటీ తేల్చింది.

ఆ కరెంటు వేసి ఆపే రిమోట్ ఇంట్లోనే ఉంటుంది, దాని రహస్య నంబరు ఇద్దరికే తెలుసు, ఆమెకూ ఆమె భర్తకూ. ఆమే ఆపుకుంటోందని నా సహచరుడు తీర్మానించేశాడు. ఈ జబ్బులో అది వింతేమీ కాదు. భర్తను అనుమానించడానికి ఎవరికీ మనసొప్పలేదు. వార్డులో ఆయన పేరు డైరీగారు. భార్య ఎంత తిన్నదీ, ఎన్ని గంటలు పడుకున్నదీ రోజువారీగా రాసి తెచ్చేవారు. పరీక్షకు వచ్చినప్పుడు ఆమె నోరు విప్పదు, ఆయన డైరీయే మాట్లాడేది. "మా ఆయన్ని ఒక్క నెల ఈయన దగ్గర ట్రైనింగ్‌లో పెట్టాలి డాక్టరుగారూ, కనీసం గ్లాసులెక్కడుంటాయో తెలుస్తుంది," అనేది నర్సు.

డైరీగారికి ఫోన్ చేశాను. పరీక్షను ఇరవై నుంచి పదమూడుకు జరిపామని, ఆవిడ కంగారుపడతారు కాబట్టి చెప్పొద్దని అన్నాను. వాళ్లింట్లో మంచం పక్కనుండే పెట్టె బ్యాటరీ సమాచారాన్ని ఆస్పత్రికి పంపుతుంది. అది నేరుగా నా ఫోన్‌కే వచ్చేలా పెట్టుకున్నాను.

తొమ్మిదో తేదీ పొద్దున ఆరూ నలభైకి కరెంటు ఆగింది.

ఏడున్నరకు వాళ్ల మూడో అంతస్తు తలుపు కొట్టాను. ఆమే తీసింది. జడ తనే వేసుకున్నట్టుంది, కాస్త వంకరగా ఉంది.

"డాక్టరుగారే ఇంటికొచ్చారేంటి? మార్కులు తక్కువొచ్చాయని కంప్లయింటా?"

నవ్వుతోంది. యాభై నిమిషాలుగా తన తలలో ఏమీ నడవడం లేదని ఆమెకు తెలియదు.

ఆయన వంటింట్లో టీ పెడుతున్నారు. రిమోట్ ఇవ్వమన్నాను. చొక్కా జేబులోంచి తీసిచ్చారు. నంబరు ఆయనచేతే నొక్కించి ముందు కరెంటు వేశాను. తర్వాత గట్టు మీదున్న డైరీ తెరిచాను.

తొమ్మిది: పొద్దుటి నుంచి మాట తగ్గింది. పది: తినలేదు. పదకొండు: గోడవైపు తిరిగి పడుకుంది. పన్నెండు: ఏడ్చింది.

ఇంకా రాని రోజులు కూడా అదే గుండ్రటి చేతిరాతతో నిండిపోయి ఉన్నాయి.

అవతలి గదిలో ఆమె కిటికీలు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన స్టవ్ ఆపి, వంటింటి తలుపు దగ్గరగా వేశారు.

"ఆవిడకి చెప్తారో మానతారో మీ ఇష్టం డాక్టరుగారూ. ఏడేళ్లు నేనే స్నానం చేయించాను, నేనే తినిపించాను, నేనే తల దువ్వాను. అందరూ దేవుడన్నారు. ఆపరేషన్ అయిన రెండో నెల ఒకరోజు పొద్దున్నే లేచింది. దువ్వెన నా చేతిలోంచి తీసుకుని, ఇక నాకేం ఫర్వాలేదు, మీరు మీ పని చూసుకోండి అంది. మంచిమాటే. మరి నాకు వేరే పనేది? ఉద్యోగం ఆవిడకోసమే మానేశాను. నన్ను పలకరించేవాళ్లు కూడా ఆవిడ ఎలా ఉందని అడగడానికే పలకరిస్తారు. ఆ తీగలు తీయించేస్తే మళ్లీ మామూలైపోతుందనుకున్నాను. మామూలంటే నాకు ఆ ఏడేళ్లే. మొదటిసారి ఆపినప్పుడు మళ్లీ వేసేద్దామనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందుకే మళ్లీ ఆపాను. ఆరుసార్లూ నేనే. ఇవాళ కూడా నేనే."