ఎముక పక్కన మాంసం

గారెట్ తన వీపు సంచిని మా వంటింటి నేల మీద గుమ్మరించాడు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మా ఆయన ఆర్విన్ ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం సర్దుకుని, ముందుకు వంగి ఆ సామాను వంక చూశాడు.

“వేటకా అల్లుడూ, పెళ్లికా?”

గారెట్ మా అమ్మాయి షెల్బీ మొగుడు. అయోవా మైదానాల్లో పుట్టి పెరిగినవాడు. ఐడహో కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్లడం అతనికి ఇదే మొదలు. సరదాకి వెళ్లడం కాదు. ఆర్విన్ ఊపిరితిత్తులు వచ్చే వసంతం చూడవని డాక్టరమ్మ చెప్పేసింది. వేసవి నుంచీ ఆయనకు తిండి సహించడం లేదు. కొట్లో కొన్న గొడ్డు మాంసం ఎంత మెత్తగా వండినా ఒక ముక్క నమిలి పళ్లెం పక్కకు నెట్టేస్తాడు. “గుర్రం చచ్చిన వాగు మీది ఎల్క్ మాంసం ఉంటే తింటాను,” అన్నాడు ఒకరోజు. ఆ పేరున్న వాగు పక్క కొండల్లో కొట్టిన ఎల్కే నలభై ఏళ్లుగా మా ఇంట్లో చలికాలం తిండి. తింటే కాస్త బలం వస్తుందేమోనని నాకూ ఆశ పుట్టింది. ఆ ఆశే గారెట్‌కీ అంటించాను.

“ఇదేంటి, ఈ సీసా?” అన్నాడు ఆర్విన్.

“ఆడ ఎల్క్ వాసన, మామయ్యా. పూసుకుంటే పోతులు దగ్గరికొస్తాయట.”

“వస్తాయేమో గానీ, షెల్బీ మాత్రం పారిపోద్ది. పక్కన పెట్టు. ఈ బూట్లు కొత్తవా?”

“నిన్ననే వచ్చాయి.”

“పాతవి వేసుకో. బొబ్బలెక్కిన కాళ్లతో కొండ మీద కూలబడితే నిన్ను మోసుకొచ్చేవాడు లేడు. మేజోళ్లు మూడు జతలు పెట్టుకో, ఉన్నివే. పత్తి బనీన్లన్నీ తీసెయ్, తడిస్తే చంపుతాయవి. కత్తేదీ?”

గారెట్ కత్తి తీసిచ్చాడు. ఆర్విన్ బొటనవేలితో అంచు తడిమి నా వైపు చాపాడు. నేను సాన మీద నూరడానికి పక్కన పెట్టాను.

“మాంసం దేంట్లో మోస్తావు?”

గారెట్ నల్ల ప్లాస్టిక్ చెత్త సంచుల చుట్ట చూపించాడు.

“ఇంకా నయం, పళ్లెంలో పెట్టుకొస్తానన్లేదు. ప్లాస్టిక్‌లో వేస్తే ఉడికిపోద్దిరా నాయనా. మాంసానికి గాలి ఆడాలి.”

పాత పక్కదుప్పట్లు చింపి ఆ సాయంత్రమే సంచులు కుట్టాను. ఒక్కో సంచిలో ఒక్కో తొడ పట్టేలా, మూతికి నాడా పెట్టి. నేను కుడుతుంటే ఆర్విన్ ఆయాసపడుతూనే చెప్పుకుపోయాడు. వాసెలిన్ రాసిన దూది ఉండలు డబ్బాలో పెట్టుకోమన్నాడు, తడి కట్టెలైనా అంటుకుంటాయని. దారి పొడుగునా కొమ్మలకు నారింజ రంగు పట్టీలు కట్టమన్నాడు. “కాల్చే ముందు అది ఎక్కడ పడుతుందో చూడు. లోయలో పడ్డ పోతు లోయలోనే ఉంటుంది. దాన్ని పైకి మోయాల్సింది నువ్వు, తుపాకీ కాదు.” గారెట్ అన్నిటికీ తలూపాడు. మోయడానికి అతనికి భయం లేదు. ఆగస్టు నుంచీ వీపు మీద ఉప్పు బస్తాతో శ్మశానం రోడ్డు ఎక్కి దిగుతున్నాడు. ఊళ్లోవాళ్లు కార్లు ఆపి మరీ ఎకసెక్కాలాడారు.

అతను వెళ్లిన వారం అక్టోబరులా లేదు. మధ్యాహ్నాలు చొక్కా తడిసేంత ఎండ. నేను ఫ్రీజరు ఖాళీ చేసి, మంచు గీకి, తుడిచి ఆరబెట్టాను. ఆర్విన్ కుర్చీ వదలకుండా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఉల్లిపాయలూ గిల్లిపాయలూ వెయ్యకు. ఇనప పెనం, వెన్న, ఉప్పు. అంతే.”

“నలభై ఏళ్ల నించీ నేనే కదా వండింది.”

“ఈసారి మర్చిపోతావేమోనని.”

ఆ వారం చివర గారెట్ మధ్యాహ్నం మూడు గంటల వేళ వచ్చాడు. ట్రక్కు దిగినవాడు నిటారుగా నిలబడలేకపోయాడు. భుజాల మీద పట్టీలు ఒరుసుకుని చొక్కాకు రక్తం అంటింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. నేను కుట్టిన సంచులన్నీ నిండుగా ఉన్నాయి.

“కొమ్ములేవిరా?” అన్నాడు ఆర్విన్ గుమ్మంలోంచే.

“కొండ మీదే వదిలేశా మామయ్యా. మాంసం ముందన్నారుగా.”

ఆర్విన్ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. “కుర్చీ బల్ల దగ్గరికి లాగు,” అన్నాడు నాతో. “చెప్పు. ఎప్పుడు పడింది?”

“మొన్న పొద్దుగూకే వేళ. ఒక్క గుండుతోనే. పేగులన్నీ అప్పుడే తీసేశా, శుభ్రంగా. మళ్లీ తోలు దగ్గరికి లాగి, ఈగలు ముసరకుండా పైన కొమ్మలు కప్పా. నిన్న తెల్లారాక వెళ్లి కోసి, విడతలుగా మోసుకొచ్చా.”

ఆర్విన్ ముఖంలో నవ్వు పోయింది.

“తోలు తియ్యలేదా ఆ రాత్రి?”

“మా దగ్గర తియ్యరు మామయ్యా. జింకని తోలుతోనే వారం పాటు కొట్టంలో వేలాడదీస్తాం, మాంసం ఎండిపోకుండా.” మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. “ఏం?”

వాళ్ల జింకలు చిన్నవి. వాళ్లు వేటాడేది డిసెంబరు గడ్డకట్టే చలిలో, ఆ కొట్టమే ఒక ఫ్రీజరు. ఎల్క్ గుర్రమంత ఉంటుంది. దాని తోలు మెడ దగ్గర వేలంత మందం. చంపిన వెంటనే తోలు ఒలిచి, తొడలు విడదీసి గాలికి పెట్టకపోతే లోపలి వేడి తెల్లారినా దిగదు. ఎముక పక్క నుంచి కుళ్లు మొదలవుతుంది. మా ఊళ్లో పిల్లలకైనా తెలుసది. అందుకే చెప్పాలని ఎవరికీ తోచలేదు. దుప్పటి చింపి సంచులు కుట్టిన నాకూ తోచలేదు.

“ఒక తొడ బల్ల మీద పెట్టు,” అన్నాడు ఆర్విన్.

బల్ల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచాను. పైకి మాంసం చక్కగా, ఎర్రగా, పొడిగా ఉంది. ఆర్విన్ కత్తి ఎముక వెంట దించి తుంటి కీలు దాకా కోసి విప్పాడు. ముందు నాకే తగిలింది, పులిసిన కుళ్లు కంపు. కీలు చుట్టూ మాంసం పచ్చబడి జిగురు కట్టింది. రెండో తొడా అంతే. కింద పడి ఉన్న వైపు భుజమూ అంతే.

గారెట్ కుర్చీలో కూలబడ్డాడు. “నేను జాగ్రత్తగానే కప్పానత్తయ్యా. బాగా కప్పాను.”

“తెలుసు నాన్నా.”

“వీపు మాంసం ఉందిగా,” అన్నాడు ఆర్విన్. “అది పైపైనే ఉంటుంది, ఎముక లోతున కాదు. పెనం పెట్టు.”

వెన్నుకు ఇరుపక్కలా ఉండే ఆ పొడుగాటి కండలు వేరే సంచిలో ఉన్నాయి. కోసి చూశాను, వాసన చూశాను, ఇంకోసారి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. వెన్న కరిగించి పల్చటి ముక్కలు రెండు వైపులా కాల్చి, ఉప్పు జల్లి ఆర్విన్ ముందు పెట్టాను. గారెట్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

ఆర్విన్ చిన్న ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. గొంతు కదిలింది గానీ ముక్క దిగలేదు. మళ్లీ ప్రయత్నించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఉమ్మేశాడు.

నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. మెత్తగా, కొండ గడ్డి రుచితో, ఎప్పటిలాగే ఉంది.

“అదీ పోయిందా మామయ్యా?” గారెట్ పళ్లెం మీదికి వంగాడు.

ఆర్విన్ నా వంక చూశాడు. నలభై ఏళ్లలో ఆ చూపు నేను ఎరగను. నోరు తెరవొద్దని బతిమాలుతున్నాడు.

“పోయింది,” అన్నాడు గారెట్‌తో. “అంతా పోయింది. తీసుకెళ్లి పారేసి రా.”

నేను నోరు తెరవలేదు. బాగుందని చెబితే తర్వాత వచ్చే మాట, ఇక ఏ తిండీ ఆయనకు దిగదన్నది, ఆ గదిలో ఇద్దరం ఎరుగుదుం. ఆ మాట గారెట్ ముందు వద్దనుకున్నాడు. అందుకు ఆ పిల్లాడి వీపు మీద ఇంకో బరువు పెట్టాడు.

గారెట్ లేచాడు. ఒక్కో సంచీ ఎత్తుకుని ట్రక్కులోకి చేర్చాడు. వీపు మాంసం సంచి నా చేతుల్లోంచి తీసుకుంటూ “సారీ అత్తయ్యా,” అన్నాడు. వదిలేశాను.

ట్రక్కు చప్పుడు మలుపు దాటాక ఆర్విన్ కళ్లు మూసుకుని గొట్టం సర్దుకున్నాడు. “వచ్చే ఏడు తోలు వెంటనే తియ్యమను,” అన్నాడు. “నువ్వు చెప్పు.”

“చెప్తాలే.”

పొయ్యి ఆర్పాను. పెనంలో మిగిలిన ముక్కలు అక్కడే నిలబడి తినేశాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.