పేరు చెప్పని యజమాని

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా అమ్మ ఏసమ్మకు తెలుసు, నా జవాబు పత్రాలు దిద్దిన వాళ్లకూ తెలిసే ఉంటుంది. సీఏ ఫౌండేషన్‌లో లెక్కల పేపర్లు నన్నేమీ చేయలేకపోయాయి. రెండుసార్లూ నన్ను ముంచింది బిజినెస్ లా పేపరే. ఈసారి కూడా పోతే గద్వాలలో ఆర్గనైజర్ గారి ఎరువుల దుకాణంలో బిల్లులు కొట్టడానికి కూర్చోవాలి. ఇల్లు గడవాలి కదా అని అమ్మ ఆయనకు మాట ఇచ్చేసింది. ఫలితాలు వచ్చేదాకా మాత్రం ఆగమని అడిగింది.

ఆర్గనైజర్ అంటే ఎవరో మా వడ్డేపల్లి వైపు చిన్నపిల్లలకూ తెలుసు. సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, వేసే రైతుకు విత్తనం ఇచ్చేది ఆయన, పండిన గింజ తీసుకుపోయేది ఆయన, గింజ ఫెయిల్ అయిందని చెప్పేదీ ఆయనే. నిరుడు మా నాయిన ప్రభుదాసు కౌలు చేలో పండించిన గింజ కూడా ఫెయిలే అన్నాడు. ఎవరు పరీక్ష చేశారో, ఎక్కడ చేశారో మాకు తెలియదు. అమ్మా నేనూ ఎండలో నిలబడి ఒక్కొక్క మొగ్గా గిల్లి, పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసిన చేను అది. ఏమైనా ఇప్పిస్తాడేమోనని నాయిన చాలా రోజులు ఆ దుకాణం మెట్ల మీద కూర్చుని వచ్చాడు. నేను పది కూడా దాటని మనిషిని, నాకేం తెలుస్తుంది, కంపెనీ వద్దంటే నేనేం చేస్తా అని ఆర్గనైజర్ చేతులు దులుపుకున్నాడు. అదే దుకాణంలో, ఆయన కింద కూర్చోవడమంటే నాకు ముద్ద దిగదు.

గద్వాలలో లా చెప్పే హఫీజ్ సార్ మొదటి రోజే నా రోగం పట్టేశారు. ఏజెంటుకు ఉదాహరణ చెప్పమంటే ఆర్గనైజర్ అన్నాను. మరి ఆ ఏజెంటు ఎవరి తరఫున పని చేస్తాడు, యజమాని ఎవరు అని అడిగారు. ఆర్గనైజరే అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది సీడ్ పత్తి ఇళ్ల వాళ్లే. కంపెనీ పేరు అడిగితే వాళ్లూ నీళ్లు నమిలేవాళ్లే.

నా జవాబులు చూసి సార్ తల పట్టుకునేవారు. ప్రశ్నలో ఎవరికో అన్యాయం జరిగిందని తెలిస్తే చాలు, మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేసేదాన్ని. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ జవాబు అనేవారు. ముందు చట్టం ఏమంటుందో రాయాలి, ప్రశ్నలోని సంగతులను దానికి కలపాలి, ఆ తర్వాతే ఎవరు బాధ్యులో తేల్చాలి అని నూరిపోశారు. సెక్షన్ నంబరు గుర్తు లేకపోతే ఊహించి వేయొద్దన్నారు. పరీక్షకు ముందు మాత్రం నన్ను పక్కకు పిలిచి ఒకే మాట చెప్పారు.

"బేటా, పేపర్ల నీ ఇంటి కోపం రాయకు. ప్రశ్నల ఏమున్నదో గదే సదువు."

పరీక్ష పాలమూరులో. నాయిన తోడు వచ్చి గేటు బయటే ఉండిపోయాడు. లోపల ప్రశ్నపత్రం మొదటి నుంచి చివరిదాకా చదివాను. చివరి ప్రశ్నల్లో ఒకటి అచ్చం మా ఇల్లే. ఒకతను విత్తనాల కంపెనీ తరఫున రైతుల చేత పంట వేయించాడు. పంట చేతికొచ్చాక కంపెనీ వద్దంది. నేను ఏజెంటును మాత్రమే, నాకేం సంబంధం అంటున్నాడు. అతని మీద రైతులు కేసు వేయవచ్చా?

ఒళ్లు మండింది. ఆ వెంటనే భయం వేసింది. ఒళ్లు మండిన ప్రతిసారీ నాకు మార్కులు పోయాయి. నా మనసు అతన్ని పట్టుకోమంటోందంటే సరైన జవాబు దానికి విరుద్ధంగా ఉంటుందనుకున్నాను. ఏజెంటు చేసుకున్న ఒప్పందానికి ఏజెంటు సొంతంగా బాధ్యుడు కాడు, అది మామూలు సూత్రం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కానీ, చట్టం పూజారిని వదిలేసి దేవుణ్ణే అడగమంటుంది. అదే రాశాను. రైతులు అతన్ని ఏమీ అనలేరు, కంపెనీనే అడగాలని తేల్చాను. నాయిన ఓడిపోయాడని నా చేత్తో నేనే రాసినట్టనిపించి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిగతా జవాబులు రాశాను.

చివర్లో కొంచెం సమయం మిగిలింది. ఆ ప్రశ్న జోలికి మళ్లీ పోవడానికి మనసొప్పలేదు. సార్ మాట గుర్తొచ్చి చదివాను. మధ్యలో ఒక చిన్న ముక్క ఉంది. 'కంపెనీ పేరు వెల్లడించకుండా' అని.

యజమాని పేరు చెప్పకుండా ఒప్పందం చేసుకుంటే ఏజెంటే జవాబుదారు అని చట్టం అనుకుంటుంది. ఆ మినహాయింపు నాకు నిద్రలో లేపినా వచ్చు. అయినా ఆ ముక్క నా కంటికి ఆనలేదు. ఎలా ఆనుతుంది? మా దగ్గర కంపెనీ పేరు ఎవరు ఎవరికి చెప్పారు గనక? పేరు లేకపోవడం మాకు ఎంత మామూలంటే, అదొక సంగతి అని కూడా తోచదు.

రాసిందంతా కొట్టేశాను. మొదటి వాక్యంలోనే అతను బాధ్యుడని పడేస్తే పోతుంది కదా అని చెయ్యి లాగింది. ఆపుకున్నాను. మామూలు సూత్రం రాశాను, మినహాయింపు రాశాను, పేరు చెప్పని సంగతిని దానికి కలిపాను. అక్షరాలు వంకర్లు పోతున్నాయి. 'కాబట్టి' అని ఇంగ్లీషులో రాసి కామా పెట్టేసరికి ఇన్విజిలేటర్ పేపరు లాక్కుంది. బతిమాలాను. వినలేదు.

గేటు బయట నాయిన గోడ నీడలోంచి లేచి వచ్చాడు. మంచిగా రాశావా అని అడిగాడు. పాసవుతానో, ఆ దుకాణంలో కూర్చుంటానో నాకే తెలియదు. నేనే ఎదురు అడిగాను.

"నాయినా, మనకు ఇత్తనం ఇచ్చినప్పుడు ఆయన కంపెనీ పేరు చెప్పిండా?"

"లేదు బిడ్డా. ఆర్గనైజర్ సీడు అనే అంటిమి గద అందరం."

"గట్లయితే ఆయనే జిమ్మేదారు. కంపెనీ మీదికి తోసి తప్పించుకోరాదు. చట్టంల గట్లనే ఉన్నది."

పరీక్షలో ఇదే రాశావా అని అడుగుతాడనుకున్నాను. అడిగితే అక్కడే ఏడ్చేసేదాన్ని. నాయిన అడగలేదు. గేటు ముందు రోడ్డు మీద మా బస్సు ఆగింది, జనం ఎక్కుతున్నారు. ఆయన కదల్లేదు.

"మళ్ల జెప్పు బిడ్డా, జర నిదానంగ. ఆయన ముంగట నేను జెప్పాలె గద."