ఉపన్యాసాలు ఆపే గడియారం

వక్తను మాట్లాడనివ్వకుండా సభ చప్పట్లు కొడుతున్నప్పుడు గడిచే కాలం వక్తదా, చప్పట్లు కొట్టేవారిదా? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఏ శాసనసభా సమాధానం చెప్పలేదు. చెప్పి ఉంటే నేను నోరు విప్పవలసిన అవసరం ఉండేది కాదు.

నేను ఒక గడియారాన్ని. పొద్దు ఎంతయిందో చెప్పడం నా పని కాదు. మనిషి ఎంతసేపు మాట్లాడాడో కొలిచి, పది నిమిషాలు దాటగానే ఆపించడం నా పని.

నన్ను తయారుచేసినవాడు దోన్ నార్సిసో వెలార్దె; 'దోన్' అంటే అక్కడ 'గారు' అన్నమాట. మెక్సికో ఉత్తర భాగాన ఒక రాష్ట్ర రాజధానిలో టెలిగ్రాఫ్ గుమాస్తాగా బతుకు మొదలుపెట్టాడు. ప్రభుత్వం తీగలు ఎక్కడ తెంపితే ఎక్కువ నష్టమో తెలిసినవాడు ఊళ్ళో ఆయన ఒక్కడే కనుక విప్లవకారుడయ్యాడు. విప్లవం గెలిచాక, బల్ల మీద పిస్తోలు పెట్టకుండా వాదించగలిగినవాడూ ఆయన ఒక్కడే కనుక శాసనసభ్యుడయ్యాడు. ఈ రెంటికీ మధ్య మొక్కజొన్న కంకులు ఒలిచే యంత్రాన్నీ, ఉత్తరాలకు వాటంతటవే ముద్రలు వేసే పెట్టెనూ కనిపెట్టాడు. ఒకటి గింజలతో పాటు వేళ్ళనూ ఒలిచింది. రెండవది బాగానే పనిచేసింది కనుక తపాలా ఉద్యోగులు దాన్ని బావిలో పడేశారు.

నేను మూడవదాన్ని. పారిపోయిన ఒక జమీందారు ఇంటి గడియారం స్ప్రింగు నా గుండె. ట్రాముబండి గంట నా గొంతు. నా అసలు కీలకం మాత్రం వక్త నిలబడే చెక్క పలకలో ఉంది. దాని మీద మనిషి బరువు పడగానే నా ముల్లు కదులుతుంది. పది నిమిషాలకు గంట మొదలవుతుంది. మనిషి దిగేదాకా ఆగదు. దిగితే ముల్లు ఉన్నచోటే నిలిచిపోతుంది. సభ గుమాస్తా ఆ సమయం రాసుకొని, తాళంచెవి తిప్పి దాన్ని సున్నాకు తెస్తాడు. నన్ను మధ్యలో ఆపే మీట లేదు.

"అదేమిటండీ, మీటే పెట్టలేదు?" అని గుమాస్తా సెఫెరీనో అడిగాడు.

"పెడితే దాని మీద ఎవరి చెయ్యి ఉంటుందో నీకు తెలియదా?" అన్నాడు దోన్ నార్సిసో.

ఇద్దరూ సభాధ్యక్షుడి కుర్చీ వైపు చూశారు. అందులో కర్నల్ బుస్తోస్ కూర్చునేవాడు. నేను సభలో అడుగుపెట్టిన మొదటి రోజున ఆయన యుద్ధంలో చచ్చిపోయిన తన గుర్రానికి నివాళి అర్పిస్తున్నాడు. గుర్రం ఇంకా చావకముందే నేను గంట కొట్టాను. కర్నల్ దిగాడు. ఆ అవమానాన్ని ఆయన నా మీద చూపలేదు. యంత్రం మీద కోపం చూపడానికి అంతకంటే పెద్ద యంత్రం కావాలి.

ఇక అసలు విషయం. పట్టణ ఎన్నికల్లో స్త్రీలకు ఓటు ఇవ్వాలని మూడువందల పన్నెండుమంది సంతకాలు చేసిన అర్జీని పెత్రా ఓల్మెదో అనే ఉపాధ్యాయిని దోన్ నార్సిసో చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని బిల్లుగా మార్చాడు. సమావేశాల చివరి రోజున అది చర్చకు వచ్చింది. నలుగురైదుగురు సభ్యులు ఎటూ తేల్చుకోలేదనీ, వారిని ఒప్పించడానికి పది నిమిషాలు చాలనీ ఆయన లెక్క. ఉపన్యాసాన్ని ఇంట్లో నా ముల్లుకు సరిపడా ఎనిమిదిసార్లు చదివి చూసుకున్నాడు. పెత్రా గ్యాలరీలో కూర్చుంది.

ఆయన పలక ఎక్కాడు. నా ముల్లు కదిలింది. కర్నల్ లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన వెనక పదిమంది లేచారు.

"మన మహా శాస్త్రవేత్తకు జయం!"

"మిత్రులారా, దయచేసి..." అన్నాడు దోన్ నార్సిసో.

"ఆహా! ఏం వినయం! చూశారటయ్యా ఆ వినయం!" అన్నాడు కర్నల్. చప్పట్లు రెట్టింపయ్యాయి.

అలసినవారు కూర్చుంటే అలసిపోనివారు లేచారు. ఎనిమిది నిమిషాలు. చప్పట్లనూ మాటలనూ వేరుచేసి కొలిచే చెవులు నా ముల్లుకు పెట్టలేదు. బరువు తెలుసుకునే శక్తి మాత్రమే ఇచ్చారు. దోన్ నార్సిసో మిగిలిన రెండు నిమిషాల్లో పీఠికలో సగం చదివాడు. గంట మోగింది.

"దిగకండి!" అని పెత్రా పైనుంచి అరిచింది.

ఆయన కోటు జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. చెయ్యి దాని మీదకు వెళ్ళింది. రెండు మరలు విప్పితే నేను మూగదాన్ని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నియమం నాకూ నియమమే," అని దిగాడు.

సెఫెరీనో రోజూ చేసే పనే కనుక ఆలోచించకుండా తాళంచెవి తిప్పాడు. ముల్లు సున్నాకు వచ్చింది.

అప్పటికే పెత్రా మెట్లు దిగి వచ్చింది. "న్యాయంగా ఉండడానికి మీకు మా ఓటే దొరికిందా, ఇంజినీరు గారూ?" అని ఆయనను దాటుకుని పలక ఎక్కింది. నేను బరువును బరువుగానే చూశాను. ముల్లు కదిలింది.

"నా పేరు పెత్రా ఓల్మెదో. పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో చదువు చెబుతున్నాను. ఇక్కడున్న ఇరవై ఒక్కమందిలో ఏడుగురికి సంతకం పెట్టడం నేర్పింది నేను. మీరు, కర్నల్ గారూ, మీ పేరులో రెండో అక్షరం దగ్గర నెల రోజులు ఆగిపోయారు. అయినా నేను చప్పట్లు కొట్టి మిమ్మల్ని ఆపలేదు. ఇప్పుడు ఆ చేత్తోనే మీరు..."

కాపలావాళ్ళు ఆమెను భుజాలు పట్టి దించారు. నా ముల్లు నలభై అయిదు సెకన్ల దగ్గర నిలిచింది.

బిల్లుకు తొమ్మిది ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా పన్నెండు. దోన్ నార్సిసో తన ఓటు వేసి, ఆపైన ఎవరి ముఖమూ చూడలేదు.

సెఫెరీనో మళ్ళీ తాళంచెవి తీశాడు. కర్నల్ వారించాడు. "ఏమిటయ్యా తిప్పుతున్నావు? సభ్యులు కానివారు మాట్లాడరు. ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడనప్పుడు సున్నాకు తేవలసింది ఏముంది?"

ఆ తర్కంలో నాకు లోపం కనిపించలేదు, న్యాయమూ కనిపించలేదు. మర్నాడు సైన్యం వచ్చి సభను రద్దు చేసింది. సిపాయిలు భోజనాల వేళ కొట్టుకోవడానికి నా గంట ఊడదీసుకుపోయి, నన్ను గిడ్డంగిలో పడేశారు. దోన్ నార్సిసో తన జీవితంలో తక్కిన ఇరవై రెండేళ్ళూ కుట్టుమిషన్లు బాగుచేసి బతికాడని విన్నాను. మరో యంత్రం కనిపెట్టలేదు. ఆ దేశపు స్త్రీలకు ఓటు చాలా ఏళ్ళ తరువాత వచ్చింది. అప్పటికి పెత్రా ఓల్మెదో పేరు ఓటర్ల జాబితాలో లేదు. శ్మశానం జాబితాలో ఉంది.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. నా చుట్టూ ఎర్ర తాడు. ముందు ఒక అట్ట: "వెలార్దె ఉపన్యాస గడియారం. చెడిపోయినది." కింద ఇంకో వరుస: "పలక ఎక్కరాదు."

నేను చెడిపోలేదు. పోయిన నెల నన్ను తుడిచిన మనిషి నా వెనక ఉన్న పిడిని ఊరికే తిప్పి చూసి, స్ప్రింగు బిగించి వెళ్ళాడు. ముల్లు నలభై అయిదు సెకన్ల దగ్గరే ఉంది. తొమ్మిది నిమిషాల పదిహేను సెకన్లు ఒక మనిషికి చెందవలసినవి నా దగ్గర మిగిలిపోయాయి. గంట ఎలాగూ లేదు.

తాడు దాటండి. పలక ఎక్కండి. ఆమె వాక్యం పూర్తిచేయండి.