రెండు గంటల ఇరవై నిమిషాలు

చోతో అనే మా ఊరి మాంసం పులుసులోకి వేయించిన వేరుశనగపప్పు నూరుతున్నాను. అత్తగారు గిన్నెలో వేలు ముంచి నాకి, "విమానాలు పంపే కోడలికి ఉప్పు వెయ్యడం మాత్రం రాదు" అంది. పదకొండేళ్లుగా ఇదే మాట.

నేను మకస్సర్ విమానాశ్రయంలో డిస్పాచర్‌ని. దూరమెంత, ఎదురుగాలి ఎంత, ఇంధనం ఎంత అని లెక్కగట్టి నేను సంతకం పెడితేనే విమానం కదుల్తుంది. జకార్తాకి వేల విమానాలు పంపాను. ఒక్కసారీ నేను ఎక్కలేదు. పద్నాలుగు వందల కిలోమీటర్లు, రెండు గంటల ఇరవై నిమిషాలు. నిద్రలో అడిగినా చెబుతాను. ఇంట్లో మాత్రం "నీకేం తెలుసు తెన్రీ" అన్న దగ్గరే ప్రతి మాటా ఆగిపోతుంది.

పప్పు నూరడం ఆపకుండానే మా ఆయన బాసోతో, మా వైపు భర్తని పిలిచే 'డాయెంగ్' అన్న పిలుపుతోనే చెప్పాను. "రేపు జకార్తాలో ఇంటర్వ్యూ, డాయెంగ్. అక్కడి విమానాశ్రయంలోనే. కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే ఉద్యోగం."

"రేపు నలభై మంది భోజనానికొస్తున్నారు!" అత్తగారి గరిటె ఆగిపోయింది.

బాసో తాపీగా అడిగాడు. "విమానం ఎన్నింటికి?"

"ఎనిమిదికి."

"ఎంతసేపు?"

"రెండు గంటల ఇరవై నిమిషాలు."

"ఇంటర్వ్యూ?"

"పదింటికి."

వేళ్లు మడిచి లెక్కపెట్టి పగలబడి నవ్వాడు. "అమ్మా, విన్నావా? పదింటి ఇంటర్వ్యూకి మహాతల్లి పదీ ఇరవైకి దిగుతుందట! ఈవిడ పంపిన విమానాలు క్షేమంగా దిగుతున్నాయంటే అంతా పైలట్ల చలవే. వెళ్లవే, వెళ్లు. మూసిన తలుపు చూసొస్తే ఆ సరదా కూడా తీరుతుంది. మధ్యాహ్నం విమానానికి వచ్చేస్తే అంట్లైనా తోముకోవచ్చు."

జకార్తా గడియారం మాకంటే గంట వెనక. టీవీలో ఫుట్‌బాల్ ఉన్న రోజు ఆయనకది నిమిషంతో సహా గుర్తుంటుంది. నా విషయం వచ్చేసరికి గుర్తు రాలేదు. సరిదిద్దుదామని నోరు తెరవబోయాను. ఆయన చొక్కా గుండీ నుంచి ఆయన పంపే ఉత్తరాల్లో తప్పుల దాకా పదకొండేళ్లుగా సరిదిద్దుతున్నది నేనే. ఆ అలవాటుతోనే తెరుచుకుంది నోరు. మూసేశాను. ఈ ఇంట్లో నా మౌనం అందరికీ పనికొచ్చింది. ఒక్కసారి నాక్కూడా పనికి రానీ అనుకుని, మిగిలిన పప్పు మెత్తగా నూరేశాను. ఉప్పు వెయ్యలేదు.

మర్నాడు విమానం దిగి నడుస్తుండగా ఫోన్ మోగింది.

"పదీ ఇరవై అయిదు!" బాసో గొంతులో పండగ. వెనక నలభై మంది సందడి. "తలుపు మూసేశారా?"

"ఇక్కడింకా తొమ్మిదీ ఇరవై అయిదే, డాయెంగ్."

అటువైపు వేళ్లు మడుస్తున్నాడేమో.

"సరే... మధ్యాహ్నం విమానానికి వచ్చెయ్. అమ్మ ఒక్కతే అవస్థ పడుతోంది."

"అటు వస్తే ఈ గంట మీకు తిరిగిచ్చెయ్యాలి" అన్నాను. "ఇవ్వను."