పదిహేనో మనిషి

ఏడు కావడానికి ఇంకా పావుగంట ఉండగానే సిగ్రిడ్ తన మూలలో ఉన్నవాళ్ళని ఆరుసార్లు లెక్కపెట్టింది. ఆరుసార్లూ పదకొండే. ఏడోసారి తనని కూడా కలుపుకుంటే పన్నెండైంది. ఆ మాత్రానికే ప్రాణం లేచొచ్చింది.

స్టోన్‌ఫోర్డ్ బడి భోజనాల హాల్లో ఓటు పెట్టెలుండవు. అయోవాలో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడమంటే చలికోటు విప్పి, నచ్చినవాళ్ళ బోర్డు కింద వెళ్ళి నిలబడటమే. తలలు లెక్కపెడతారు. హాల్లో నూటికి పదిహేనుమందైనా లేని గుంపు చెల్లదు. వాళ్ళు అరగంటలోగా పక్క గుంపులోంచి మనుషుల్ని లాక్కోవాలి, లేదా తామే ఇంకో మూలకి పోవాలి.

సిగ్రిడ్ నిలబడ్డది గవర్నర్ డ్రేపర్ బోర్డు కింద. వేసవిలో డ్రేపర్ అందరికన్నా ముందుండేది. ఆకులు రాలే వేళకి టీవీ చర్చలో ఒక ప్రశ్నకి తొమ్మిది సెకన్లు నోరు మెదపలేకపోయింది. ఆ తొమ్మిది సెకన్లనే దేశమంతా తిప్పి తిప్పి చూసి నవ్వింది. "అయోవాలో నూటికి పదిహేను దాటకపోతే పోటీ మానేసి ఇంటికెళ్ళిపోతాను" అని నిన్న ఆమే చెప్పింది. పొద్దుటినుంచి సిగ్రిడ్ ఒకచోట కూర్చుంటే ఒట్టు.

"ఏమోయ్ శ్రీమతి గారూ! మీ మూల గాలి బాగా ఆడుతున్నట్టుందే!" హాలు అవతలి నుంచి వేడ్ కేకేశాడు. పెళ్ళై ఆరు వారాలు. అతను సెనేటర్ పైక్ మనిషి. ఆ గుంపు గోడ పొడవునా కిక్కిరిసి ఉంది.

"మీ మూల ఊపిరాడక చస్తారేమో చూసుకో!" అని తనూ అరిచింది. చలికి ఎర్రబడ్డ అతని చెవులు ఇంత దూరానికీ కనిపిస్తుంటే, ఇంత ఆదుర్దాలోనూ నవ్వొచ్చింది.

ఏడింటికి తలుపులు మూశారు. మొత్తం తొంభై ఆరుమంది. అంటే పదిహేనుమంది కావాలి. సభ నడిపే ఎల్డన్, ఒకప్పుడు ఊరి పోస్ట్‌మాస్టరు, పెన్సిలు పట్టుకుని ఒక్కొక్క గుంపూ లెక్కపెడుతూ వచ్చాడు. తలుపులు మూసేముందు పరుగున వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు సిగ్రిడ్ వైపే చేరారు.

"డ్రేపర్, పదిహేను!"

మూలంతా ఈలలు. సిగ్రిడ్ పక్కనున్నావిడని కావలించుకుని, ఆవిడ భుజం మీదుగా చూసింది. తను చేసుకొచ్చి తమ మూలలో పెట్టిన నిమ్మకాయ కేకు పళ్ళెం దగ్గర వేడ్ నిలబడి ఉన్నాడు. నోటినిండా కేకు, గడ్డానికి పంచదార పొడి. ఎల్డన్ అతన్నీ లెక్కేసేశాడు.

ఎవరూ గమనించలేదు. కేకు నములుతున్న ఆ మహానుభావుడికీ తెలియదు. ఊరుకుంటే చాలు. సిగ్రిడ్ ఊరుకుంది. మూడు గుటకలు మింగేంతసేపు ఊరుకుంది. తర్వాత చెయ్యెత్తింది.

"ఎల్డన్ గారూ, లెక్క తప్పు. ఇతను కేకు కోసం వచ్చాడు."

హాలు గొల్లుమంది. "నీ మొగుడే కదమ్మా, ఉంచేసుకో!" అన్నాడు ఎల్డన్.

"ఇంట్లో ఉంచుకుంటాలెండి. ఇక్కడొద్దు."

వేడ్ పంచదార తుడుచుకుంటూ తన గుంపుకి నడిచాడు. పద్నాలుగు. గడియారంలో అరగంట మొదలైంది.

మేయర్ లాంట్రీ బోర్డు కింద ముగ్గురే మిగిలారు. ఎటూ చెల్లని గుంపు. వాళ్ళలో ఒకావిడ లవోన్, సిగ్రిడ్‌కి నాలుగో తరగతి టీచరు. సిగ్రిడ్ దాదాపు పరిగెత్తింది.

"టీచర్, మా దగ్గరికి రండి. ఒక్కరు చాలు."

"మునిగే పడవలోకి నన్ను రమ్మంటున్నావే! ఆవిడ తేలుతుందంటావా?"

"తెలీదు టీచర్. పొద్దుటినుంచీ నన్ను నేను అదే అడుగుతున్నాను. జూలైలో మన లైబ్రరీకొచ్చింది. మన ఆస్పత్రిలో కాన్పుల వార్డు మూసేస్తున్నారు, ఏం చేస్తారని అడిగాను. తెలీదు, కనుక్కుని రాస్తానంది. రెండు వారాలకి చేత్తో రాసిన ఉత్తరం వచ్చింది."

"రాత బాగుందా?"

"కోడి గెలికినట్టుంది."

"అయితే తనే రాసిందిలే." లవోన్ కళ్ళజోడు సర్దుకుంది. "సరే. మీ గుంపు చెల్లితే జిల్లా సభకి ఒక ప్రతినిధి వెళ్ళాలి కదా. ఆ ప్రతినిధిని నేనైతే వస్తాను."

ఆ ఒక్క చోటూ తనదే అనుకుంది సిగ్రిడ్. అమ్మకి ఫోన్‌లో చెప్పేసింది. నీలం గౌను కూడా ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

అంతలో వేడ్ వెనకనుంచి వచ్చి చెవిలో అన్నాడు. "అడుగు సిగ్రిడ్. ఒక్క మాటడిగితే నేనే వచ్చేస్తా. ఈసారి కేకు కోసం కాదు."

"నేనడిగానని వస్తే యాభై ఏళ్ళు దెప్పుతావు. పో!" అంది గానీ, అతని చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలింది. టీచరు వైపు తిరిగింది. "అక్కడికెళ్ళాక మా గవర్నర్‌కే చెయ్యెత్తుతారుగా?"

"మాటిస్తే ఎప్పుడైనా తప్పానా? లెక్కలు పూర్తిచెయ్యకపోతే ఆటకి పంపనన్నాను. పంపానా?"

"పంపలేదు."

"మరి?"

"మీరే వెళ్ళండి టీచర్."

లవోన్ చేతిసంచీ తీసుకుని, ఎనభై ఏళ్ళ అడుగులతో హాలు దాటుతుంటే సిగ్రిడ్‌కి ఆ ఇరవై గజాలూ ఇరవై మైళ్ళయ్యాయి. ఎల్డన్ ఈసారి ఒక్కొక్కరినీ అడిగి మరీ లెక్కపెట్టాడు. "నువ్వు డ్రేపర్ కోసమేనా? కేకు కోసమా?" పదిహేను. కాగితం మీద రాసి సంతకం చేశాడు.

ఎనిమిదిన్నరకి, కోట్లు తొడుక్కుంటుండగా, డ్రేపర్ ప్రచార కార్యాలయం నుంచి డెలీషా ఫోన్ చేసింది. "మీ ఊరికి మేం సున్నా వేసుకున్నాం, తెలుసా?"

"రాష్ట్రం మొత్తమ్మీద ఎంత? ముందు అది చెప్పు!"

"నూటికి పదిహేనుంబావు. నాలుగో స్థానం."

"అంటే?"

"గెలవలేదు. చావలేదు. ఇంటికి మాత్రం వెళ్ళడంలేదు. తర్వాతి పోటీకి న్యూ హ్యాంప్‌షైర్ బయల్దేరుతోంది."

"అక్కడ ఓటింగ్ ఎప్పుడు? ఇళ్ళకి ఫోన్లు ఇక్కణ్ణుంచి చెయ్యొచ్చా? ఎన్ని గంటలకి మొదలెట్టాలి?" సిగ్రిడ్ ఫోన్ చెవిని పెట్టుకుని బల్లల చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఒక్క నిమిషం కూర్చుని సంతోషించవే!" అన్నాడు వేడ్, ఆమె కోటు పట్టుకుని వెనకే తిరుగుతూ.

"కూర్చున్నాను కదా!" అంది, నిలబడే.