టీఎంపీ అంటే

వినుతకు రెండు పనులున్నాయి. ఒకటి జీతం వచ్చేది, రెండోది రానిది.

జీతం వచ్చే పని జూజువాడిలో. చెక్‌పోస్టు దగ్గర లారీల హారన్లు వినబడే మేడమీది ఆఫీసు. హోసూరు చుట్టుపక్కల రోజాలు పండించేవాళ్ళ కోల్డ్ రూములకు కంప్యూటర్లు అమర్చడం, అవి మొండికేస్తే వెళ్ళి బుజ్జగించి రావడం. జీతం రాని పని గురించి ఇంట్లో చెబితే ఎవరికీ అర్థం కాలేదు, ఆమె కూడా చెప్పడం మానేసింది. ఆ కంప్యూటర్లలో నడిచే లినక్స్‌ను ఒకరు కాదు, దేశానికి పదిమంది తయారుచేస్తారు. ఎవరికి తోచిన చోట వాళ్ళు ఉప్పుడబ్బా పెట్టుకుంటే కొత్తగా వంటింట్లోకి వచ్చినవాళ్ళ గతేమిటి? అందుకని ఏ సరుకు ఏ ఫోల్డరులో ఉండాలో అందరూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారు. అది పాతబడింది. ఇప్పుడు దాన్ని దిద్దుతున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో ఈమెయిళ్ళలో వాదించుకునే ఆ గుంపులో వినుత కూడా ఉంది. అక్కడ ఆమె మాటకు విలువుంది. ఆ సంగతి ఆమెకు కాస్త ఎక్కువగానే తెలుసు.

మొన్నామధ్య గుంపులో ఒక బడిపంతులు చేరాడు. ఫోల్డర్ల పేర్లు మరీ పొట్టిగా ఉన్నాయి, ఒక్కొక్కటి దేనికో అందులోనే రెండు ముక్కల్లో రాసి పెట్టాలని ఒప్పందంలో చేర్చండి అన్నాడు. వినుతకు నవ్వొచ్చింది. "పేరే చెబుతోంది కదా. ఈమాత్రం తెలియనివాళ్ళకు ఆ ఫోల్డరు గదుల్లో పనేమిటి?" అని రాసి పడేసింది. చాలామంది భేష్ అన్నారు. పంతులు మళ్ళీ నోరెత్తలేదు. ఆ సూచన అటకెక్కింది.

శుక్రవారం పొద్దున్నే రామచంద్రప్ప ఫోను చేశాడు. "అమ్మా, నీ పెట్టె మమ్మల్ని ముంచేసింది. వచ్చి చూసిపో" అని పెట్టేశాడు.

రామచంద్రప్పది బాగలూరు దాటాక ఎర్రమట్టి దారిలో ఉన్న తోట. తాతలనాడు రాగులు పండిన నేలలో ఇప్పుడు పచ్చటి వలల కింద రోజాలు పూస్తాయి. పెద్దకోడలు సౌందర్య పట్టుబట్టి కోల్డ్ రూము బాధ్యత అడిగి తీసుకుంది. చిన్నకొడుకు తిలక్‌కు ఇవ్వాలని ముసలాయన మనసులో ఉన్నా, సరే చూద్దాం అని తాళంచెవి ఆమె చేతికే ఇచ్చాడు. ఆ 'చూద్దాం' అన్న మాటను సౌందర్య ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. తెల్లవారుజామునే లేచి వెళ్ళి చలిగదిలో మీటరు చూడందే కాఫీ తాగేది కాదు.

వినుత స్కూటీ ఆపేసరికి రామచంద్రప్ప వసారాలో కూర్చుని ఉన్నాడు. తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతోంది. సౌందర్య గుమ్మం పక్కన నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా.

"కరెంటు వాళ్ళు నిన్న పగలంతా లైను ఆపినారు" అన్నాడాయన. "రూముకు జనరేటరు ఉండాది, పూలకేమీ కాలేదు. నీ కంప్యూటరు మాత్రం ఆరిపోయి మళ్ళీ లేచింది. లేచినాక చూస్తే లెక్కంతా ఖాళీ. రూములో చలి ఎంతుండిందో చూపీకపోతే పూలు కొనే బెంగళూరాయన మొదటి రకం అనడు. మాఘమాసం పూలు, ఇంగ చూసుకో."

వినుత కంప్యూటరు ముందు కూర్చుంది. వెతకాల్సిన పనే లేకపోయింది. మామూలుగా చలి లెక్కలు దాచే చోటు నిండిపోయి, వేరే చోటు చూపించమని కంప్యూటరు అడిగినట్టుంది. ఎవరో టీఎంపీ అనే ఫోల్డరును చూపించారు. టెంపరరీ అనే మాటకు అది పొట్టిపేరు, చిత్తుకాగితాల గది. కంప్యూటరు ఆరి వెలిగినప్పుడల్లా ఊడ్చి శుభ్రం చేసేస్తుంది. ఒప్పందంలో ఆ మాట స్పష్టంగానే ఉంది. అందులో పోయింది మరి దొరకదు.

"టీఎంపీలో పెట్టింది ఎవరు?"

"నేనే అక్కా" అంది సౌందర్య.

"అందులో ఎందుకు పెట్టినావు?"

సౌందర్య ఆశ్చర్యంగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు. "టెంపరేచరు దాంట్లో పెట్టక ఇంగ యాడ పెట్టేదక్కా?" అంటూ గోడకు వేలు చూపింది.

గోడమీద మీటరు ఉంది. ఎర్రటి అంకెలు మెరుస్తున్నాయి. వాటి కింద తయారుచేసినవాడు అచ్చువేసిన ఇంగ్లీషు అక్షరాలు మూడు: టీ, ఎం, పీ.

వినుత లేచి దగ్గరికి వెళ్ళి ఆ మూడక్షరాలూ చదివింది. ఆ మీటరును గోడకు బిగించింది తనే.

"కంప్యూటరు అడిగిందక్కా, యాడ పెట్టాలని. పేర్లన్నీ చూసినాను. వీఏఆర్ అని ఉండింది, వారం అనుకున్నాను, వారం వారం తీసేస్తారేమో అని భయపడి దాంట్లో పెట్టలేదు. ఈటీసీ అంటే వగైరా కదా, పనికిరానివి వేస్తారనుకున్నాను. టీఎంపీ కనపడింది. అబ్బ, మనకోసమే పెట్టినారు అనుకున్నాను." "జాగ్రత్తగానే చేసినానక్కా."

అదీ దెబ్బ. అజాగ్రత్తతో చేసుంటే తిట్టొచ్చు. వారం వారం ఖాళీ అవుతుందేమోనని భయపడి, ఏరి కోరి, ఖాళీ అయ్యే గదిలోనే పెట్టింది పిచ్చిపిల్ల. నిజానికి పెట్టాల్సింది ఆమె వారం అనుకుని వదిలేసినదాంట్లోనే.

వసారాలోకి వచ్చారు. రామచంద్రప్ప నాన్చే మనిషి కాదు. "చెప్పమ్మా. తప్పు నీ పెట్టెదా, మా సౌందర్యదా? పెట్టెదైతే మీ ఆఫీసుతో మాట్లాడతాను. ఈ పాపదైతే రేపట్నించి తిలక్ చూసుకుంటాడు. నాకు కోపమేం లేదు. తెలీని పని తెలిసినోళ్ళు చెయ్యాల, అంతే."

తెలియనివాళ్ళకు ఆ గదుల్లో పనేమిటి అని తను రాసిన మాటే ముసలాయన నోట తిరిగి వచ్చింది. వినుతకు చెవులు వేడెక్కాయి. ఒప్పందం ప్రకారం చూస్తే తప్పు సౌందర్యదే. ఆ ఒక్క మాట అంటే ఆఫీసు మీద మచ్చ పడదు, తనమీదా పడదు. అబద్ధం కూడా కాదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మం దగ్గరున్న పిల్ల మొహం చూసేసరికి అక్కడే ఆగిపోయింది.

ఆ సందులో వెంకటమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. రామచంద్రప్ప భార్య, పెద్దగా మాట్లాడని మనిషి. వినుతకు గ్లాసు అందిస్తూ, "మా ఆయన్ని ఒగ మాట అడుగమ్మా" అంది. "ఇల్లే సంగతి అడుగు."

రామచంద్రప్ప మొహం మాడిపోయింది. "ఇప్పుడెందుకు అదంతా!"

"ఎందుకో ఆ పాపకు తెలియాల." వెంకటమ్మ తీరిగ్గా కూర్చుంది. "తోట కొత్తగా పెట్టినప్పుడు ఊత్తంగరై దిక్కునించి రోజా మొక్కలు వచ్చినాయి. బండి మురుగన్‌ది. అప్పుడు వానికి తెలుగు రాదు. మా వాకిట్లోనే బండి ఆపి ఫోను చేసి, ఇదేనా మీ వీడు, అంటే మీ ఇల్లు, ఈడేనా దించేది అని అరవంలో అడిగినాడంట. ఈయన మోటరు చప్పుడులో సగం విని, ఇల్లే, ఇల్లే అని అరిచినాడు. మనకు అది ఇల్లు. వానికి అది కాదు అని. పాపం, కాదంటున్నారు కదా అని బండి తిప్పుకోని పోయినాడు. పొద్దు వాలేదాక పక్క ఊర్లన్నీ తిరిగినాడు. మొక్కలన్నీ ఎండకు వాడిపోయినాయి."

సౌందర్య పెదవి బిగబట్టుకుంది. నవ్వకూడదని ఎంత అనుకున్నా వినుతకు నవ్వొచ్చింది.

"ఆ పొద్దు ఈయన ఏమన్నాడో తెలుసునా? మాట రెండు దిక్కులకు పోతే నేనేం చేసేది, తప్పు నాదీ కాదు, వానిదీ కాదు అన్నాడు. మురుగన్ ఇప్పటికీ మన లోడే తోలుతాండాడు." వెంకటమ్మ లేచి కొంగు దులుపుకుంది. "మగోని తప్పు మాటమీదికి పోతాది. ఆడదాని తప్పు తాళంచెవి మీదికి వస్తాది. అంతేనా?"

రామచంద్రప్ప కాఫీ గ్లాసును ముట్టకుండా పక్కకు జరిపాడు.

వినుత గ్లాసు కింద పెట్టింది. "అప్పా, సౌందర్య పెట్టినచోటు తప్పే. కానీ ఆ పేరు చూస్తే ఎవరైనా అట్లనే పెడతారు. మీటరు బిగించింది నేను. కింద ఏం రాసుండాదో చూసుకోలేదు. అదొక్కటే కాదు. ఆ పేర్లు దేనికో లోపలే రాసిపెట్టండి అని ఒకాయన అడిగినాడు. నేనే వద్దన్నాను. ఎక్కువ తెలుసు అనుకున్నాను. ఆ రెండు ముక్కలు ఉండుంటే ఈ పాప చదివి ఉండును."

"చదివే ఉందును మామా" అంది సౌందర్య మెల్లగా. "నేను ఏదైనా చదవకుండా ముట్టను."

"పోయిన లెక్క తిరిగి రాదు" అంది వినుత. "బెంగళూరాయనకు ఏమైందో మా ఆఫీసు పేరుతో నేనే రాసిస్తాను. ఆయన ఏమంటాడో నాకు తెల్దు."

అక్కడే వసారాలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ముందు టీఎంపీలో, పక్కనున్న ఫోల్డర్లలో ఒక్కొక్క కాగితం పెట్టింది. "ఇది చిత్తుగది. మిషను ఆరితే ఇందులోవన్నీ పోతాయి. చలి లెక్కలు ఇక్కడ పెట్టకండి." సౌందర్య పక్కన కూర్చుని తెలుగులో చెప్పింది, అరవంలో చెప్పింది, రాత్రి కాపలా ఉండే కుర్రాడు హోసకోట వాడని కన్నడంలోనూ రాయించింది. తర్వాత వినుత తన గుంపుకు రాసింది. గోడమీది మీటరు ఫోటో పెట్టింది. "పంతులుగారి సూచనను నేను నవ్వి తోసేశాను. నాది తప్పు. పేరు దానంతటదే ఏమీ చెప్పదు. వినేవాళ్ళ చెవిని బట్టి చెబుతుంది. ఆ సూచనను తిరిగి చర్చకు తెమ్మని కోరుతున్నాను. ముందుగా ఆయనకు క్షమాపణ." పంపాక గుండె తేలికపడింది, సిగ్గు మాత్రం మిగిలింది.

వాళ్ళు ఒప్పుకుంటారో లేదో. వాదిస్తారు, నెలలు పడుతుంది. ఈసారి తను వాదించేది పంతులు వైపున.

ఇంతలో రామచంద్రప్ప ఫోను మోగింది. మురుగన్. వాళ్ళవే అవతలి తోటల పూలు ఎక్కించుకుని మలుపు దగ్గర ఉన్నాడు. లోడు గోడౌనుకా, చలిగదికా అని అతను అడగడం స్పీకరులో అందరికీ వినబడింది.

రామచంద్రప్ప నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. ఫోను సౌందర్య ముందుకు చాపి, "నువ్వే చెప్పమ్మా" అన్నాడు.

సౌందర్య ఫోను అందుకుంది. "చలిగదికి అన్నా. గోడౌనుకు కాదు" అని తెలుగులో చెప్పి, అదే మళ్ళీ అరవంలో చెప్పి, ఏం అర్థమైందో అతనితోనే ఒకసారి చెప్పించింది. పెట్టేసి, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి మామ ముందుకు చాపింది.

"తాళంచెవి మామా. పూలు వాడిపోతాయి."

రామచంద్రప్ప మొలతాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా పడింది. వెంకటమ్మ వెళ్ళి విప్పిపెట్టింది.